మందు, గుండు, చత్వారం

జూన్ 2, 2024, ఆదివారం. ఫోర్ట్ కాలిన్స్

వేట చీటీల డ్రాలో పేరొచ్చింది. ఏప్రిల్ 2 ఆఖరు తేదీ అయితే ఆ సాయంత్రమే కూచుని పెట్టిన దరఖాస్తు. ఎల్క్ దుప్పులు, మజిల్‌లోడర్ సీజను, సెప్టెంబరు 14 నుంచి 22 దాకా. మామూలు రైఫిళ్ల సీజన్లు అక్టోబరులో మొదలవుతాయి. అప్పటికి మగ ఎల్కుల అరుపులు చల్లబడి, కొండలో అవి ఉన్నాయో లేవో కూడా తెలియదు. సెప్టెంబరు నడుమ అయితే ఎద కాలం. ఇవతల గట్టు మీద కూత పెడితే అవతల గట్టు నుంచి జవాబిస్తాయి. ఆ రోజుల్లో వాటి కోసం అడవిలో అడుగుపెట్టాలంటే విల్లయినా పట్టాలి, మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీ అయినా పట్టాలి. కొలరాడో వన్యప్రాణి శాఖ పెట్టిన బేరం అది.

బేరంలో షరతులు గట్టివే. ఒకే గొట్టం, ఒకే గుండు. ఎల్కుకైతే బోరు అరంగుళానికి తగ్గకూడదు. టెలిస్కోపు పనికిరాదు, ఇనప గురి చాలు. పొగ రాని మందు వాడరాదు. బిళ్లలుగా అచ్చుపోసిన మందూ వాడరాదు, పొడిమందే పొయ్యాలి. తూటాకు ప్లాస్టిక్ తొడుగు వెయ్యకూడదు. గుండుకు గుడ్డ చుట్టుకోవచ్చు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇంత పట్టింపు లేదు. నాకు మాత్రం ఈ పట్టింపే నచ్చింది. టెలిస్కోపు, ప్లాస్టిక్ తొడుగు, బిళ్లమందు అన్నీ పెట్టాక అది పేరుకే మజిల్‌లోడర్.

నా తుపాకీ .54 బోరుది. లైమన్ వాళ్ల గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్, తయారీ ఇటలీ, ముప్పై రెండంగుళాల గొట్టం. పక్క వీధి పెద్దాయన వాడి వాడి నాకమ్మారు. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు కొండల్లో తిరిగే బీవర్ వేటగాళ్లకు చేసిచ్చిన తుపాకుల పోలిక. అమెరికా ఫెడరల్ చట్టం ఇలాంటివాటిని ‘ఫైర్‌ఆర్మ్’ లెక్కలోనే వెయ్యదు. ఆ మాట మా ఆవిడకు చెబితే, "అయితే అది పేలదా?" అంది.

జూన్ 9, ఆదివారం

పెదనాన్నకు ఫోన్ చేశాను. ఎన్నికల కోడ్ ఎత్తేశారట, స్టేషన్లో పెట్టిన తుపాకీ నిన్న తెచ్చుకున్నాడట. గిద్దలూరు పక్కన నల్లమల అంచున చేను కాబట్టి పందుల బెడదకని ఆయనకు పంట రక్షణ లైసెన్సు ఉంది. ఒంటిగొట్టం, మూతి నుంచి దట్టించేదే. ప్రతి ఎన్నికలకూ దాన్ని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవడం, మళ్లీ వెళ్లి విడిపించుకోవడం ఆయనకు అలవాటైపోయింది. ఈసారి బట్టు మీద పేరు రాసిన చీటీ ఊడిపోయి, నాలుగు తుపాకుల్లోంచి తనదేదో వాసన చూసి పట్టుకున్నానని నవ్వాడు.

"నీ దగ్గర కూడా అట్టాంటిదే ఉందా? అమెరికాలోనా?"

ఉందన్నాను. ఎంత మందు పోస్తావు అని అడిగాడు. ఇంకా తేల్చలేదు, డెబ్భై గ్రెయిన్ల నుంచి మొదలుపెడతానన్నాను. ఏడువేల గ్రెయిన్లయితే ఒక పౌను అని లెక్క చెప్పాల్సొచ్చింది. ఆయన కొలత అరచెయ్యి. మందు మీద కొబ్బరిపీచు కూరి, గుండు లేకుండానే పేలుస్తాడు. చప్పుడుకు పందులు పోతాయి, మళ్లీ వస్తాయి.

"నేను చప్పుడు కోసం పోస్తాను గాబట్టి ఎంతైనా చెల్లుద్ది. నువ్వు తగలాలని పోస్తున్నావు, నీకు లెక్క కావాల్లే. ఎంత దూరం కొడతావు?"

తెలియదన్నాను. ఇంతకీ అసలు ప్రశ్న అదే. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కొట్టడం తప్పు కాదా అని మాత్రం అడగలేదు. "ఇక్కడ కుందేలును కొట్టినా లోపలేస్తారు. అక్కడ సర్కారే చీటీ ఇస్తదా!" అని కాసేపు ఆశ్చర్యపోయాడు. లక్షల్లో ఎల్కులున్నాయి, రెండు లక్షల ఎనభై వేలు అంటారు, చీటీలు లెక్కపెట్టి ఇస్తారు అని చెప్పాను. వినపడలేదనుకుంటా, వానలు పడ్డాయని చెప్పడం మొదలుపెట్టాడు.

జూన్ 22, శనివారం

తుపాకీ అమ్మిన పక్క వీధి పెద్దాయనతో కలిసి పానీ గడ్డిభూముల్లో షూటింగ్‌కు కేటాయించిన చోటికి వెళ్లాం. చుట్టూ మైళ్ల కొద్దీ గడ్డి, ఒక చెట్టు లేదు. పొద్దున్నే వెళ్తేనే గాలి ఊరుకుంటుంది.

మొదటి గుండు కంటే ముందే తెలిసొచ్చింది, సమస్య తుపాకీలో లేదు. నాకు చత్వారం. వెనక గురిలో ఉన్న చిన్న గంటు కంటికి జానెడున్నర దూరం, గొట్టం చివర ముందు గురి మీటరు పైచిలుకు దూరం, బొమ్మ డెబ్భై అయిదు గజాలు. ఈ మూడూ ఒక వరసలో పెట్టి చూడాలి. కుర్రకన్ను అయితే ఒకదాని నుంచి ఒకదానికి చిటికెలో గెంతుతుంది. నా కన్ను గెంతదు. బైఫోకల్ కింది భాగంలోంచి చూస్తే వెనక గంటు బాగుంది, బొమ్మ మాయం. పై భాగంలోంచి చూస్తే బొమ్మ బాగుంది, గంటు బూజు పట్టినట్టు అలుక్కుపోయింది.

పెద్దాయనకు డెబ్భై దాటాయి. ఆయన కళ్లద్దాలు తీసేసి కొట్టి, నాకంటే బాగా కొట్టారు. "నీకింకా పట్టాల్సిన అలవాటు ఒకటుంది. ఎల్కును చూడకు. ముందు గురినే చూడు. ఎల్కు మసకగా ఉంటే ఫరవాలేదు, అది పెద్దది," అన్నారు.

వయసులో ఉన్నప్పుడు మూడూ కనపడేవి గనుక ఏది చూడాలో నేర్చుకోవాల్సిన పని ఉండదని, ఇప్పుడు నేర్చుకోక తప్పదని ఆయన వాదన.

జూలై 6, శనివారం

రెండు పనులు. కంటి డాక్టరు దగ్గరికి టేపు పట్టుకుని పోయాను. కంటి నుంచి ముందు గురి దాకా దూరం ఇంత అని చూపించాను. ఆవిడకు ఇలాంటి రోగులు అలవాటే. ఇది వేట ఊరు. దూరపు నంబరుకు అర డయాప్టరు కలిపి, బైఫోకల్ గీత లేకుండా ఒక్క పవరుతో అద్దాలు రాసిచ్చింది. వీటితో చదవలేను, కారు నడపలేను. ముందు గురి మాత్రం సూదిమొనలా కనిపిస్తుంది.

రెండోది చిల్లు గురి. వెనక గంటు తీసేసి దాని బదులు కంటికి దగ్గరగా ఒక చిన్న రంధ్రమున్న బిళ్ల బిగించాను. ఇదీ ఇనప గురే, అద్దం లేదు. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ తేటపడతాయి. కాగితానికి సూదితో పొడిచి అందులోంచి పేపరు చదివితే అద్దాల్లేకుండానే అక్షరాలు కనపడతాయి కదా, అదే కిటుకు. రంధ్రాన్ని చూడనక్కర్లేదు, కన్ను తనంతట తనే నడిమధ్యకు వెతుక్కుంటుంది. మూడు చూడాల్సినచోట ఇప్పుడు ఒకటి. అయితే మసక వెలుతురులో చిన్న రంధ్రం చీకటి. అందుకని లోపలి బిళ్ల విప్పి పెద్ద చిల్లుతోనే ఉంచాను. వేటకు అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి. ఎల్కులు తిరిగే వేళ కూడా సరిగ్గా అదే.

జూలై 14, ఆదివారం

ఇవాళంతా మందు కొలతలే.

దట్టించే వరస రాసి పెట్టుకుంటాను, చెయ్యి మర్చిపోకుండా. ముందు గొట్టంలో నూనె తుడవాలి. మందుకు నిప్పందించే కేపు ఒక్కటే పెట్టి పేల్చాలి. మూతి దగ్గర గడ్డిపోచ కదిలితే దారి తెరుచుకున్నట్టు. కొమ్ములోంచి మందు ఇత్తడి కొలతలోకి, కొలతలోంచి గొట్టంలోకి. కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి ఎన్నడూ పొయ్యకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలుంటే చేతిలో కొమ్మే పేలుతుంది. తర్వాత మూతి మీద మైనం రాసిన గుడ్డ, గుడ్డ మీద గుండు, బొటనవేలంత కట్టెతో ఒక దెబ్బ. ఆపైన కడ్డీతో ఒక్క ఊపున అడుగుదాకా. గుండు మందు మీద కూర్చున్నట్టు కడ్డీ మీద గీత గీసి పెట్టుకోవాలి. గీత మూతికి పైన కనిపిస్తే గుండు దారిలో ఆగినట్టే. మధ్యలో ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది. కేపు అన్నిటికంటే చివర.

గుండు మెత్తటి సీసం, 0.530 అంగుళాలు, బరువు 224 గ్రెయిన్లు. పెద్దాయన ఇంట్లోనే పోతపోస్తారు. మా ఇంట్లో పిల్లలున్నారు, సీసం పొగ వద్దని నేను కొనుక్కుంటాను. ఈ గొట్టంలో గాడులు అరవై అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. గుండుకు ఆ నిదానమే నప్పుతుంది. పొడుగు తూటాలు వేస్తే అడ్డంగా తిరిగిపోతాయి.

డెబ్భై, ఎనభై, తొంభై, నూరు. ప్రతి కొలతకూ మూడేసి గుండ్లు, ప్రతి గుండు తర్వాతా తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి. ఈ ఎండగాలికి మసి గట్టిపడి మూడోసారికల్లా కడ్డీ దిగనంటుంది. డెబ్భై, ఎనభై రెండూ అరచేతిలో పట్టేంత దగ్గరగా తగిలాయి. తొంభైకి కాస్త చెదిరాయి. నూరుకు ఒకటి బోర్డు అంచున, ఒకటి ఎక్కడికి పోయిందో తెలియదు.

కారణం గడ్డిలో దొరికింది. పేల్చిన తర్వాత ప్యాచ్ గుడ్డలు పది పదిహేను గజాల్లో రాలతాయి. ఒక్కొక్కటే ఏరి, టెయిల్‌గేట్ మీద పరిచి చూశాం. ఎనభైవి పెనం మీంచి తీసిన రొట్టెల్లా నడుమ గుండ్రటి మాడుమచ్చతో, చుట్టూ గాడుల గీతలతో, చిరగకుండా ఉన్నాయి. నూరువి నడిమధ్య చిల్లుపడి అంచులు పీలికలయ్యాయి. గుడ్డ కాలిపోతే గుండును గాడుల్లో తిప్పేదేముంది? మందు వెనకనుంచి తోస్తోంది, ముందు పట్టుకునేవాడు లేడు. 0.015 అంగుళాల గుడ్డ మార్చి 0.018 వేస్తే తొంభై కూడా కుదురుకుంది. అయినా ఎనభై కంటే బాగా లేదు.

పెద్దాయనకు ఇది రుచించలేదు. "ఎల్కు ఏడొందల పౌన్లు. దానికి ఎనభై గ్రెయిన్లా?"

గుండు గుండ్రనిది. గాలిని కోసుకుపోయే ఆకారం కాదు. ఎంత వేగంగా బయల్దేరితే అంత త్వరగా ఆ వేగం పోగొట్టుకుంటుంది. నూరు గజాలు చేరేసరికి మూడో వంతుకు పైగా ఆవిరి. ఇరవై గ్రెయిన్లు ఎక్కువ పోసి కొనుక్కున్న వేగాన్ని దారిలోనే గాలికి కట్టేస్తున్నామన్నమాట. అక్కడ మిగిలే తేడా కోసం గురి పోగొట్టుకోవడమెందుకు? ఈ మాటే అన్నాను. "నువ్వు ఇంజనీరువి," అన్నారు తిట్టినట్టు.

వచ్చే దారిలో గుడ్డలన్నీ నీళ్ల డబ్బాలో వేసుకున్నాం. నూలు గుడ్డ లోపల్లోపల రాజుకుంటూ ఉంటుంది, ఎండుగడ్డిలో వదిలేస్తే అరగంటకు మంట.

ఆగస్టు 3, శనివారం

ఊరంతా పొగ. లవ్‌ల్యాండ్ పడమర అలెగ్జాండర్ కొండ దగ్గర జూలై 29న అంటుకున్న మంట తొమ్మిది వేల ఎకరాలు దాటింది. వాకిట్లో కారు మీద బూడిద. ఇలాంటప్పుడు గడ్డిభూముల్లో మందు పేల్చే మాట తలపెట్టకూడదు. ఎవరూ వద్దనక్కర్లేదు.

ఇంట్లో చేసే పనులు చేశాను. తేనెమైనం, మేకకొవ్వు కలిపి కరిగించి గుడ్డలకు పట్టించడం. పాత అల్యూమినియం గిన్నె, గ్యారేజీలో కరెంటు పొయ్యి. కొబ్బరినూనెతో చేస్తే సరిపోదా అంది మా ఆవిడ. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, సెప్టెంబరు కొండల మీద తెల్లారేసరికి సున్నా, గుడ్డ బిరుసెక్కి కడ్డీ దిగదు అన్నాను. వాసన వంటింట్లోకి వచ్చేసింది. "శనివారం పూట ఈ కొవ్వేంటండీ! సిపాయిలు తిరగబడ్డారంటే పడరూ మరి," అంది. నిజానికి అదే సరుకు. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాల కాగితానికి పూసింది కూడా కొవ్వూ మైనమే. ఆవుదా పందిదా అన్నది తేలకుండానే మీరట్ భగ్గుమంది. ఈ గిన్నెలో ఉన్నది మేకది, హలాల్ కొట్లో అడిగి తెచ్చింది అని మరీ చెప్పుకోవాల్సి వచ్చింది.

పిల్లవాడు మందు డబ్బా మీద రాసింది చదివి ఇందులో ఏముంటుంది అని అడిగాడు. సూరేకారం డెబ్భై అయిదు పాళ్లు, బొగ్గు పదిహేను, గంధకం పది. మేం వాడి వయసులో దీపావళికి నెల ముందే జిల్లేడు బొగ్గు కాల్చి నూరుకునేవాళ్లం, ఇదే సరుకుతో చిచ్చుబుడ్లు కూరేవాళ్లం అని చెప్పాను. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది. డబ్బా అల్మరాలో పెట్టి తాళం వేశాను. కేపులు ఇంకో గదిలో.

ఈ పొగల మధ్య ఇంకో సంగతి. మేం వెళ్లబోయే చోటు 2020లో కామెరాన్ పీక్ మంటలో కాలింది. రెండు లక్షల ఎకరాల పైన, కొలరాడో చరిత్రలో అంత పెద్దది లేదు. ఇప్పుడక్కడ నల్లటి మోళ్ల మధ్య నడుము దాకా పచ్చిక. ఎల్కులకు విస్తరి పరిచినట్టే. అక్కడి నదీలోయలోనే 1830ల్లో ఫ్రెంచి బేహారులు మంచు తుఫానులో చిక్కి, బళ్ల బరువు తగ్గించుకోడానికి మందు పీపాలు పాతిపెట్టి పోయారని చెబుతారు.

ఆగస్టు 17, శనివారం

పొగ తగ్గింది, వాన పడింది, మళ్లీ గడ్డిభూములకు.

బల్ల మీద ఇసక సంచి ఆనించి కొట్టడం అయిపోయింది. అడవిలో బల్ల ఉండదు. ఇవాళ మోకాలి మీద కూచుని, కర్రజత ఆనించి, నిలబడి. బొమ్మ బదులు ఎనిమిదంగుళాల పేపరు పళ్లెం. ఎల్కు భుజం వెనక ఊపిరితిత్తులు పళ్లెం కంటే పెద్దవే, కానీ అది కదులుతుంది, నాకు ఆయాసం ఉంటుంది, ఆ తేడాకు పళ్లెం సరి. ఏ దూరంలో గుండు ప్రతిసారీ పళ్లెంలో పడుతుందో అదే నా దూరం. తొమ్మిదిసార్లు పడి ఒకసారి తప్పితే అది నా దూరం కాదు.

యాభై గజాలు, ఎలా కొట్టినా పళ్లెంలోనే. డెబ్భై అయిదు, మోకాలి మీదైతే పళ్లెంలో, నిలబడితే అంచులు. నూరు గజాల దగ్గర గుండు మూడంగుళాల దాకా కిందికి దిగుతుంది, అది లెక్కకు అందుతుంది. గాలి అందదు. పక్కగాలి లేచిన ఒక్క నిమిషంలో కొట్టింది జానెడు తప్పుకుని పళ్లెం దాటిపోయింది. పెద్దాయన చెవులు గాలివైపు పెట్టి, "అడవిలో ఇంత గాలుండదులే," అన్నారు. ఉంటుంది. చెట్ల మధ్య అది ఎటునుంచి వస్తుందో కూడా తెలియదు.

పుస్తకంలో రాసేస్తున్నా: కూచుంటే ఎనభై గజాలు. నిలబడితే అరవై. మందు ఎనభై గ్రెయిన్లు, ఎఫ్‌ఎఫ్‌జి గోయెక్స్, గుడ్డ 0.018. ఇక కొలత మార్చేది లేదు.

పొగ సంగతి కూడా రాయాలి. పేలగానే ముందు తెల్లటి గోడ లేస్తుంది. తగిలిందా, ఎటు పరుగెత్తింది, ఏమీ కనపడదు. చెవితో పట్టుకోవాలి. ఒక పక్కకు అడుగేసి చూడ్డం అలవాటు చేసుకుంటున్నాను. రెండో గుండు దట్టించడానికి నాకు నిమిషం పైనే పడుతుంది. పెద్దాయన అంత తీసుకోరు, కానీ ఆయనా మొదటి గుండునే నమ్ముతారు.

ఇంటికొచ్చాక గొట్టం విప్పి వేడి సబ్బునీళ్లు. ఈ మసి గాలిలో తేమను లాగుతుంది. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. బకెట్లో నీళ్లు నల్లగా, కుళ్లిన గుడ్డు కంపు. ఈ పని నాకిష్టమే. పిల్లవాడికి కూడా, ముక్కు మూసుకుని.

సెప్టెంబరు 7, శనివారం

వినాయక చవితి. పత్రిలో సగం మా పెరటివి, మిగతా సగం ఏవో ఆకులు. ఉండ్రాళ్లు బాగా కుదిరాయి. వచ్చినవాళ్లలో ఒకాయన సెలవు ఎందుకు పెట్టావని అడిగితే క్యాంపింగ్ అన్నాను. అబద్ధమేమీ కాదు.

సెప్టెంబరు 13, శుక్రవారం. కామెరాన్ పాస్ ఇవతల

గుడారం పదివేల అడుగుల ఎత్తున. రెండు మెట్లెక్కినట్టు నడిచినా గుండె దడదడ. ఎనభై గజాల లెక్క ఇక్కడ డెబ్భై అనుకోవాలేమో.

కారులో ఉన్నంతసేపూ తుపాకీ ఉత్తిదే. దట్టించి ఉన్నా కేపు లేకపోతే బండిలో పెట్టుకోవచ్చు, చట్టం దాన్ని ఖాళీ తుపాకీ కిందే లెక్కేస్తుంది. కానీ రేపు తెల్లవారుజామున దట్టించడమే మంచిదనిపించింది. తడవని మందు, కొత్త కేపు. పెద్దాయన మాత్రం రాత్రే దట్టించి, మూతికి నల్ల టేపు ముక్క అంటించి, కేపు చుట్టూ మైనం నొక్కి, తాళం మీద నూనె తోలు కప్పి పెట్టుకున్నారు. టేపు తియ్యకుండానే పేల్చవచ్చు, గాలి దాన్ని ముందే ఊడగొడుతుంది. తుపాకులు గుడారం బయట చలిలోనే ఉంటాయి. వెచ్చటి లోపలికి తెస్తే గొట్టమంతా చెమ్మ పడుతుంది.

నారింజ చొక్కా, నారింజ టోపీ. అయిదొందల చదరపు అంగుళాలకు తగ్గకూడదు. విల్లువాళ్లకు ఈ నిబంధన లేదు, వాళ్లు ఆకుల రంగులో మన పక్కనే కూచుని ఉండొచ్చు. కాబట్టి కదిలిన పొదను కొట్టే పని ఎప్పుడూ లేదు. ఇక్కడ దుప్పుల జాతిలో అన్నిటికన్నా పెద్దదైన మూస్ కూడా తిరుగుతుంది, దానికి మా దగ్గర చీటీ లేదు.

సెప్టెంబరు 16, సోమవారం

పొద్దున కాలిన గట్టు అంచున మగది అరిచింది. మొదట గొంతు కింద ఎక్కడో గురగుర, అది ఎగబాకి ఈలగా మారి, చివర దగ్గినట్టు మూడు కుదుపులు. నలుగురు ఆడంగులతో నడుము లోతు పచ్చికలోకి దిగింది. కొమ్ముకు ఆరు కొసలు. నేను మోకాలి మీద ఉన్నాను, కర్రజత ముందుంది, తుపాకీ గుర్రం వెనక్కి లాగి ఉంది. దూరం చూసే యంత్రంలో 142 గజాలు. అద్దాల్లో ముందు గురి సూదిమొనలా నిలబడింది. ఎల్కు మసక. పావుగంట అక్కడే మేసి చెట్లలోకి పోయింది.

పెద్దాయన సైగతోనే అడిగారు, ఎందుకు కొట్టలేదని. చెప్పాను. "నూరు గ్రెయిన్లు పోసుంటే..." అని మొదలుపెట్టి, ఆయనే ఆపేశారు. 142కి ఆయనా కొట్టరు.

మధ్యాహ్నం వడగళ్లు. టేపు అంటించే ఉంది, మైనం నొక్కే ఉంది. అయినా నమ్మకం చాలలేదు. సాయంత్రం వెలుతురు పోయే ముందు, కూలిన చెట్టు వేరుమట్టి గడ్డకు ఒక ఆకు గుచ్చి అరవై గజాల నుంచి పేల్చి చూశాను. కేపు, మందు ఒకే చప్పుడుగా పేలాయి. ఆకుకు రెండంగుళాలు ఎడమ. తుడిచాను, మళ్లీ దట్టించే పని రేపటికి.

కాగితం మీద బొమ్మ గీసి పెద్దాయనకు చూపించాను. రేపు పౌర్ణమి, రాత్రంతా మేసి తెల్లారేసరికి త్వరగా నీడలోకి పోతాయి. కాబట్టి పచ్చిక దగ్గర కాపలా దండగ. పడమటి చెట్ల వరసలోకి అవి దారి పట్టే చోటు ఒకటుంది, అడ్డంగా మూడు మోళ్లు పడి ఉన్నాయి. ఎండ తగిలేదాకా గాలి కిందికి వీస్తుంది, ఎనిమిది దాటాక ఎగువకు తిరుగుతుంది. కిందనుంచి ఎక్కాలి, ఎనిమిదిలోపు కూచోవాలి. పెద్దాయన నా వెనక అరవై గజాల్లో చెట్ల లోపల కూత పెడతారు. మగది వస్తే ఆయన్ని వెతుక్కుంటూ వస్తుంది, నా మీదుగా పోవాలి. మోళ్ల నుంచి నేను కూచునే చోటుకు ఇవాళే అడుగులు కొలిచాను. అరవై అయిదు.

"అయితే నేను కూయడమే, నువ్వు కొట్టడమా?" అన్నారు పెద్దాయన.

ఎల్లుండి తారుమారు చేసుకుందామని ఒప్పించాను. మూడున్నరకు లేవాలి.